పిల్లి నాకిన మందు

"ఇంట్లో ఎవరన్నా ఒంటికి మందు రాస్కుంటున్రా సార్? పిల్లులు నాకుతయి" అని పశువుల డాక్టరు అడిగితే, లేదన్నాను. రాసుకుంటున్నది నేనే. పక్కన నా భార్య ఉంది. పిల్లిని ఒళ్లో పెట్టుకుని నా కూతురుంది. వాళ్ల ముందు నిజం చెప్పలేకపోయాను.

నాకు తామర ఉండేది. ఎండాకాలం మూసాపేట నుంచి హైటెక్ సిటీకి బైకు మీద వెళ్లి, చెమట చొక్కాతోనే రోజంతా ఏసీలో కూర్చోవడం వల్ల వచ్చిందనుకుంటాను. కుడి జబ్బ మీద, చొక్కా చేయి కప్పే చోట. మెడికల్ షాపులో అడిగితే "ఇది రాయుండ్రి సార్, రెండు రోజుల్ల సాఫ్" అని ఒక ట్యూబు ఇచ్చాడు. నిజంగానే తగ్గింది. మానేస్తే రెట్టింపు దురదతో తిరిగొచ్చింది. మళ్లీ కొన్నాను. నెలల తరబడి అదే వరస.

నా భార్య నర్సు. డాక్టరుకు చూపించకుండా ఇలాంటి ట్యూబులు కొని రాసుకునేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. "చదువుకున్న గాడిదలండీ" అనేది, డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ. ఆ మాట నేను పడదలుచుకోలేదు. ట్యూబును లాప్‌టాప్ బ్యాగులో దాచాను.

అప్పుడు కూతురు ఇంటర్ రెండో సంవత్సరం. పిల్లి పుస్తకాల మీదెక్కి పడుకుంటోందని, దాన్ని బయట పెట్టి తలుపేసుకుని చదువుకునేది. అది కాసేపు తలుపు గీరి, నా దగ్గరికి వచ్చేది. సోఫాలో నేను పని చేసుకుంటుంటే చొక్కా చేతిలోకి మూతి దూర్చి జబ్బ నాకేది. దురద పెట్టే చోట ఆ గరుకు నాలుక ఎంత హాయిగా ఉండేదో చెప్పాలంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఒక్కసారి కూడా తోసెయ్యలేదు.

పిల్లి చిక్కిపోసాగింది. ముందు పొట్ట కింద బొచ్చు పలచబడింది, తర్వాత డొక్కల మీద. చర్మం ఉల్లిపొరలా అయింది. తింటూనే ఉంది, గిన్నె ఖాళీ చేసి మళ్లీ నీళ్లకోసం అరుస్తూనే ఉంది. ఎత్తుకుంటే మాత్రం చేతికి ఎముకలే తగిలేవి.

"ఏందమ్మా, పిల్లిని జిమ్ముకు గిట్ట పంపుతున్నరా?" అంది ఎదురు ఫ్లాటావిడ.

"ఈస్టరు ముందు లెంటు రోజులు కదండీ. మా ఇంట్లో ఉపవాసం నిష్ఠగా చేసేది అదొక్కటే" అంది నా భార్య.

అందరం నవ్వాం. కూతురు నవ్వలేదు. ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని పట్టుబట్టింది.

రక్తంలో షుగరు చాలా ఉందన్నాడు డాక్టరు. ఎందుకొచ్చిందో తెలియక, నా "లేదు" విన్నాక ఆ దారి వదిలేసి ఇంకేవో వెతికాడు. ఇన్సులిన్ సూదులు నా భార్యే వేసింది. నేను కొన్నాళ్లు ట్యూబు ముట్టుకోలేదు. దురద ఆగక మళ్లీ రాశాను. చిటికెడు మందుకు ఇంత జరుగుతుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. పిల్లి మళ్లీ వచ్చి పక్కన పడుకుంది.

అది కూతురి ఒళ్లోనే పోయింది. మా అపార్టుమెంటులో పూడ్చడానికి జానెడు మట్టి లేదు. తెల్లాపూర్‌లో మా బావమరిది ఇంటి వెనక పూడ్చాం. మట్టి కప్పుతుంటే కూతురు, "నేను తలుపేసుకున్నాను కదా డాడీ. ఆ బెంగతోనే పోయింది" అంది. కాదని వాళ్లమ్మ అంది. నేను అనలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు కాస్త తేలిగ్గా కూడా అనిపించింది.

తర్వాత నా జబ్బ మీద చర్మం కూడా పలచబడి చారలు తేలితే, ఇక చర్మం డాక్టరుకు చూపించక తప్పలేదు. ఆ ట్యూబు స్టెరాయిడ్ మందని, ఒంట్లోకి పోతే షుగరు కూడా పెంచుతుందని అన్నాడు. అప్పుడు ఒక్కణ్ణే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "దానివల్లనే అని గట్టిగ చెప్పలేను గని, కావచ్చు. అప్పుడే చెప్తే ఆ మందు బంద్ చేపిచ్చి చూస్తుంటిమి గద సార్. బతికేదేమో" అన్నాడు. ఇది విన్నాక కూడా ఇంట్లో నోరు విప్పలేదు.

కూతురిప్పుడు హైటెక్ సిటీలోనే ఉద్యోగం చేస్తోంది. ఈ మధ్య ఒక సాయంత్రం ఇద్దరం మెట్రోలో వస్తూ, అమీర్‌పేటలో రైలు మారడానికి నిలబడ్డాం.

"మా టీమ్‌లో ఒకమ్మాయి పిల్లికూనను ఇస్తానంది డాడీ. వద్దన్నాను."

"ఎందుకమ్మా?"

"దాన్ని కూడా చంపమంటావా?" నవ్వుతూనే అంది.

రైలు వచ్చింది. నేను ఎక్కలేదు. ఆమె కూడా ఆగిపోయింది. తామర, ట్యూబు, పిల్లి నాకడం, డాక్టరుకు చెప్పిన అబద్ధం, అన్నీ ఆ ప్లాట్‌ఫారం మీదే చెప్పాను. ఆమె నా మొహం చూడకుండా విన్నది.

"ఇన్నేళ్లూ నన్నలా అనుకోనిచ్చావా?" అంది చివరికి.

"అనుకోనిచ్చాను. అది నీ వల్ల పోలేదమ్మా. తప్పు నాది. నువ్వు ఏడుస్తుంటే చూస్తూ కూడా చెప్పలేదు, అది ఇంకా పెద్ద తప్పు. నన్ను క్షమించు."