పంతొమ్మిది రోజుల పాట

మా బడిలో ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పిల్లలకీ, వాళ్ళ తల్లులకీ, గేటు దగ్గర కాపలా మనిషికీ ఆవిడ పాటల టీచరే. నిజానికి మా బడిలో సంగీతం అనే పాఠమే లేదు. ఆవిడది మూడు నాలుగేళ్ళ పిల్లల తరగతి. అక్కడ ఏ పనైనా పాటతోనే జరిగేది. హాజరుకో పాట, చేతులు కడుక్కోవడానికో పాట, బూట్లు తొడుక్కోవడానికో పాట, ఆఖరికి ముక్కు చీదుకోవడానికీ ఒక పాట. పక్క గదిలో పెద్ద పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని నేను. మధ్యలో ఉన్నది పలచటి చెక్క గోడ. ఆ పాటలన్నీ నాకూ నోటికి వచ్చేశాయి. ఒకరోజు భిన్నాలు చెబుతూ చెబుతూ నాకు తెలియకుండానే ముక్కు చీదే పాట అందుకున్నాను. తరగతి తరగతంతా పడీ పడీ నవ్వింది.

ఆవిడ భర్తకు రేకులు వంచే కర్మాగారంలో పని. ఇరవై ఏళ్ళు ఆ యంత్రాల పక్కన నిలబడి చెవులు సగం పోగొట్టుకున్నాడు. ఎవరేం మాట్లాడినా "ఆఁ?" అంటాడు. మేమంతా చాటుగా ఆయన్ని "ఆఁ గారు" అనేవాళ్ళం. ఆవిడకీ తెలుసు. "మా ఆఁ గారిని పిలవాలంటే గొంతు చాలదు టీచర్, సైరన్ కావాలి" అని తనే మమ్మల్ని నవ్వించేది.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నిలిచింది. అయినా ఆవిడ ఎవరికీ చెప్పుకోలేదు. వదులు బట్టలు వేసుకుని, అడిగినవాళ్ళతో "ఒళ్ళు చేశాను" అని నవ్వేసేది. నాతో మాత్రం ఒకనాడు మెట్ల దగ్గర ఆపి అంది.

"ఏడో నెల వచ్చింది టీచర్. ఇక ఊపిరి పీల్చుకోవచ్చంటారా?"

"హాయిగా పీల్చుకోండి" అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వారంలోనే ఒక ఉదయం, చేతులు కడుక్కునే పాట సగంలో ఆగిపోయింది. ఎప్పుడూ ఆగని పాట. నేను సుద్దముక్క పడేసి పరిగెత్తాను. కుళాయి పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "తల పగిలిపోతోంది. కళ్ళ ముందు మెరుపులు" అంది. పిల్లలు సబ్బు నురగ చేతులతో అలాగే నిలబడి ఆవిడ వంక చూస్తున్నారు.

ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. రక్తపోటు చూసిన డాక్టరమ్మ లోపలికి పరుగు తీసింది. గంటలో ఆపరేషన్ అయిపోయింది. ఆడపిల్ల. తొమ్మిది వందల గ్రాములు. నెలలు నిండడానికి ఇంకా పన్నెండు వారాలున్నాయి. తల్లికి తెలివి వచ్చేసరికే పిల్లని పై అంతస్తులో గాజు పెట్టెలో పడుకోబెట్టేశారు.

మూడోరోజుకి ఆవిడ కుట్లకు చీము పట్టింది. ఒళ్ళు పెనంలా కాలిపోయే జ్వరం. పిల్లలుండే ఆ గదిలోకి జ్వరమున్న మనిషిని అడుగు పెట్టనివ్వరు. కన్నతల్లి కదా అని ఆఁ గారు బతిమాలారు. "అక్కడ ఇంకా పదకొండు మంది పిల్లలున్నారండీ" అంది నర్సు. తల్లి కింద, పిల్ల పైన. ఆవిడ మంచం మీద పడుకుని కప్పు వంక చూస్తూ ఉండేది. పై గదిలో పిల్ల ఏ మూల ఉందో భర్తను అడిగి తెలుసుకుని, సరిగ్గా ఆ వైపే చూసేది.

ఆ ఆసుపత్రిలో ఒక అమ్మాయి పనిచేసేది. పాతికేళ్ళుంటాయేమో. నెలలు తక్కువ పిల్లలకు పాటలతో ఊరట కలిగించడం, తల్లిదండ్రులను వాళ్ళకి దగ్గర చేయడం ఆమె ఉద్యోగం. మేం ఆమెను పాటలమ్మాయి అనేవాళ్ళం. నాలుగో రోజున ఆ అమ్మాయి మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కడుపులో ఉన్నన్నాళ్ళూ పాపకి మీ గొంతే తోడు మేడమ్. ఇప్పుడు ఒక్కసారిగా అన్నీ మిషన్ల కూతలే. మీ గొంతు మళ్ళీ తన దగ్గరికి చేరుద్దాం. ఒకే పాట, మెల్లగా, గొంతు పెంచకుండా పాడి ఫోనులో రికార్డు చేసివ్వండి. రోజూ పాప దగ్గర తక్కువ సౌండులో పెడతాను."

నాలుగు రోజుల్లో మొదటిసారి ఆవిడ మొహంలో కళ వచ్చింది. "ఇన్నాళ్ళకి నాకు చేతనైన పని చెప్పావమ్మా" అంది.

ఉన్న పాటలేవీ పనికిరావని తనే కొత్తది కట్టుకుంది. నాకింకా గుర్తే.

తొందరపిట్టా, తొందరపిట్టా, ఎవరు తరిమారే నిన్ను?
గూడు సగమే అల్లానే, ఎక్కడ దాచనే నిన్ను?

పాడుతుంటే కుట్లు లాగేవి. పొట్ట మీద దిండు అదుముకుని, పక్క మంచాలవాళ్ళు మాటలాపే సమయం చూసుకుని, దుప్పటి తల మీదుగా కప్పుకుని పాడేది. నిన్నటిది ఇవాళ పెట్టనిచ్చేది కాదు. "నిన్నటి గొంతు నిన్నటిది. దానికి ఇవాళ్టి అమ్మ కావాలి" అనేది. అలా పంతొమ్మిది రోజులు, పంతొమ్మిది రికార్డులు.

పైన ఆఁ గారికి వేరే పని పడింది. పిల్లని గుడ్డ అడ్డం లేకుండా ఛాతీ మీద పడుకోబెట్టుకోవాలి. ఆ వెచ్చదనంతో పిల్లలు కోలుకుంటారట. గాజు తలుపు ఇవతల నుంచి నేనూ చూశాను. అరచేతిలో పట్టేంత పిల్లని నర్సు తెచ్చి ఆయన గుండె మీద పెడితే, అంత మనిషీ కుర్చీలో బిగుసుకుపోయాడు.

"మెల్లగా ఏదైనా పాడండి" అంది పాటలమ్మాయి.

"ఆఁ?"

"పాట! పాడండి!"

"నాకు పాటలు రావు తల్లీ!" అని ఆయన అరిచిన అరుపుకి గదిలో ముగ్గురు నర్సులు ఒకేసారి నోటి మీద వేలు పెట్టారు. చివరికి ఆ అమ్మాయి తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని "ఊఁ" అని చూపించింది. ఆయనా "ఊఁ" అన్నాడు. రేకుల మిషను తిరుగుతున్నట్టు ఒకటే మోత. పక్కనే ఫోనులో ఆవిడ పాట సన్నగా మోగుతోంది. మిషను మీద పిల్లకి ఊపిరి ఎంత అందుతోందో చూపే అంకె ఎనభై ఏడు నుంచి ఒక్కొక్కటిగా పెరిగి తొంభై ఐదు దగ్గర నిలబడింది.

ఆయన కిందికి దిగి వచ్చి, వార్డు గుమ్మంలోంచే కేకేశాడు. "తొంభై ఐదు! నీ పాట పెట్టారు, తొంభై ఐదు!"

వార్డంతా అటు తిరిగింది. ఆవిడ దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చింది. అప్పటినుంచి రోజూ ఆయన వచ్చేదాకా ఆ అంకె కోసమే ఎదురుచూసేది. పాటలమ్మాయి కూడా రోజూ ఆ అంకెలు పుస్తకంలో రాసుకుని, మీ పాటకే పెరుగుతున్నాయని సంబరపడి ఆవిడని ఫొటో తీసింది. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాడుతున్న ఫొటో. ఆసుపత్రివాళ్ళు దాన్ని పెద్దది చేసి నడవా గోడకి తగిలించారు. కింద "అమ్మ పాటే బిడ్డకు ఊపిరి" అని రాయించారు. సరేనని సంతకం పెట్టింది ఆవిడే.

జ్వరం తగ్గి పైకి వెళ్ళిన రోజు ఆవిడ కొత్త బట్టలు కట్టుకుంది. మోచేతుల దాకా మూడుసార్లు చేతులు కడుక్కుంది. పిల్లని గుండె మీద పడుకోబెట్టారు. ఆవిడ పాట అందుకుంది. మొదటి చరణం అయినా కాకముందే పిల్ల మొహం ముడుచుకుంది, కాళ్ళు తన్నుకుంది. అంకె పడిపోయింది. మిషను కూసింది.

"కొత్త కదమ్మా, మొదట్లో అలాగే ఉంటుంది" అంది నర్సు. రెండోరోజూ అంతే. మూడోరోజు పిల్లని తండ్రి ఛాతీ మీదికి మార్చారు. ఆయన "ఊఁ" అన్నాడు. పిల్ల చెంప ఆనించి నిద్రపోయింది.

ఆవిడ నడవాలోకి వచ్చేసింది. సరిగ్గా తన ఫొటో కిందే నిలబడింది. ఆయన వెనకాలే వస్తే, పళ్ళు బిగించి అంది.

"ఇన్నాళ్ళూ నేను కింద పడి ఉంటే, నా బిడ్డని మీ బిడ్డని చేసుకున్నారు."

"ఆఁ?" అన్నాడాయన.

అలాంటి మాట ఒకసారి అనగలం. రెండోసారి గట్టిగా, అందరూ వినేలా అనడం ఎవరివల్లా కాదు. ఆవిడ తల అడ్డంగా ఊపి ఊరుకుంది. ఆ మాట ఆయన చెవిన ఎప్పటికీ పడలేదు. ఆవిడ మనసులోంచీ ఎప్పటికీ పోలేదు.

పిల్ల బరువు పెరిగింది. ఇంటికి పంపే ముందు చెవుల పరీక్ష చేశారు. మిషను సరిగ్గా పట్టలేదన్నారు. మళ్ళీ చేశారు. మూడు నెలలకి ఇంకో పెద్ద పరీక్ష. తోడుగా నేనూ వెళ్ళాను. చెవుల డాక్టరు కాగితం బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ మాట్లాడాడు.

"రెండు చెవులూ వినపడవమ్మా. ఇంత ముందు పుట్టిన పిల్లల్లో కొందరికి ఇలా అవుతుంది. ప్రాణం నిలబెట్టడానికి ఇచ్చిన మందుల వల్ల కావచ్చు, ఊపిరి అందకపోవడం వల్ల కావచ్చు. ఇదీ అని చెప్పలేం."

"ఎప్పటినుంచి?" అంది ఆవిడ.

"మొదటి రోజుల నుంచే అయి ఉండొచ్చు."

"ఏమన్నాడు?" అని ఆఁ గారు నన్నడిగారు. నేను ఆయన చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాల్సివచ్చింది. ఆ గదిలో ఆ మాట గట్టిగా అన్న పాపం నాది.

ఆవిడ నేరుగా పాటలమ్మాయి దగ్గరికి నడిచింది. ఆ అమ్మాయికి అప్పటికే తెలిసినట్టుంది. లేచి నిలబడింది.

"నువ్వు పుస్తకంలో రోజూ అంకెలు రాసుకునేదానివి కదా. నా పాటకే పెరిగాయన్నావు కదా. నా బిడ్డకి ఏం వినపడిందని పెరిగాయి?"

ఆ అమ్మాయి అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. చెప్పలేదు.

"ఫోను పెట్టడం మర్చిపోయిన రోజులు రెండున్నాయి మేడమ్. ఆ రోజుల్లోనూ సార్ ఛాతీ మీద అలాగే పెరిగింది. ఆయన గొంతు అదురు ఒంటికి తగిలేది. నాకప్పుడే అనుమానం వచ్చింది. మీరు ఆ ఒక్క ఆశ మీదే కోలుకుంటున్నారు, ఎలా చెప్పను?"

"అయితే మందు నాకు వేశావన్నమాట" అంది ఆవిడ. ఆ అమ్మాయి మొహం చేతుల్లో పెట్టుకుంది. ఆవిడ ఓదార్చలేదు, తిట్టనూ లేదు. ఫొటో తీసేయమని మాత్రం చెప్పింది. పైవాళ్ళని అడగాలన్నారు. పై నెల పరీక్షకి వెళ్ళినప్పుడూ అది అక్కడే ఉంది. ఆ పై నెలా ఉంది. ఎవరో కొత్త బాలింత దాని కింద నిలబడి, ఆవిడని గుర్తుపట్టి, చేతులు పట్టుకుని, "మీలాగే నేనూ పాడుతున్నానండీ" అందట. "పాడు తల్లీ, పాడు" అని వచ్చేసిందట.

సెలవు అయ్యాక బడికి వచ్చింది. చిన్నపిల్లల తరగతి వద్దని, మూడో తరగతి అడిగి తీసుకుంది. చెక్క గోడ అవతల ఇప్పుడు వేరే టీచరు. మూడో తరగతిలో ఆవిడ ఎక్కాలు కూడా రాగం లేకుండా చెప్పించేది. ఒకరోజు ఏ పిల్లో మరిచిపోయి రాగం తీస్తే, "మామూలుగా చెప్పు" అని బల్ల మీద కొట్టిందని విన్నాను. పాటల టీచరనే పిలుపు మాత్రం పోలేదు. కొత్తగా చేరిన పిల్లలు ఆవిడకి ఆ పేరెందుకో తెలియకుండానే అలా పిలుస్తారు. ఆ రికార్డులు ఉన్నాయా అని ఒకసారి అడిగాను. "ఉన్నాయి. నేను వినను, వినాల్సినవాళ్ళు వినలేరు" అంది.

పిల్లకి ఇప్పుడు ఏడేళ్ళు. తొందరపిట్ట అనే పేరు అలాగే నిలిచిపోయింది. చెవులకి మిషన్లు పెట్టారు కానీ పెద్ద ప్రయోజనం లేదు. చేతులతో మాట్లాడటం నేర్పే తరగతికి తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ చదువుకున్న మనిషి, పుస్తకం పెట్టుకుని నేర్చుకుంది. ఆయనకి పుస్తకం అక్కర్లేకపోయింది. కర్మాగారం మోతలో ఇన్నేళ్ళూ చేతులతోనే మాట్లాడిన మనిషి. పైగా మిగిలిన సగం వినికిడీ ఈ మధ్యే పోయింది.

పోయిన నెల ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తలుపు తట్టగానే ఆవిడే తీసింది. ఆ ఇంట్లో తలుపు చప్పుడు వినపడేది ఆవిడ ఒక్కదానికే. తండ్రీ కూతుళ్ళు బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. నాలుగు చేతులూ గాల్లో గబగబా ఆడుతున్నాయి. ఉన్నట్టుండి పిల్ల పొట్ట పట్టుకుని వంగిపోయింది. ఆయన బల్ల మీద తల వాల్చేశాడు. ఇద్దరికీ ఆగని నవ్వు.

ఆవిడ వాళ్ళ ముందుకి వెళ్ళి, ఏమిటని చేత్తో అడిగింది. పిల్ల చెప్పబోయి మళ్ళీ నవ్వింది. ఆయనా చెప్పబోయాడు, మధ్యలో పిల్ల ఆయన చేతులు పట్టుకుని ఆపేసింది. ఏదో వాళ్ళిద్దరి రహస్యం. ఆవిడ తిరిగి వంటగదిలోకి నడిచింది, నేనూ వెనకే వెళ్ళాను.

"వాళ్ళ వేగం నాకు అందదు టీచర్" అంది, టీ నీళ్ళు పొయ్యి మీద పెడుతూ. "మెల్లగా చెప్పమంటే చెబుతారు. కానీ మెల్లగా చెబితే అందులో నవ్వేముంటుంది?"

నేను కప్పులు కడిగి పెట్టాను. మరిగే నీళ్ళలో ఆవిడ టీపొడి వేసింది. బల్ల దగ్గర నవ్వు తగ్గనే లేదు.