బెల్టు విప్పింది నేనే

రైల్వే వర్క్‌షాపు ట్రిమ్మింగ్ షాపులో, అంటే బోగీ సీట్లు కుట్టే విభాగంలో, సీనియర్ టెక్నీషియన్‌గా రిటైరైన ఏడాదే, జూలైలో, ఖరగ్‌పూర్‌లోనే ఇంకో ఉద్యోగంలో చేరినాను. బడి మొహం చూడకుండా ఇంట్లో నాన్న దగ్గర చదువుకున్న నాకు రెండో అవకాశం కూడా ఇచ్చాడు భగవంతుడు. పిల్లలున్న కుటుంబాల కోసం తనంతట తాను నడిచే కారు తయారుచేస్తున్న చిన్న కంపెనీ అది. సీట్ల తనిఖీ నా పని. నా సంతకం లేకుండా ఏ సీటూ తయారీకి వెళ్లదు.

మొదటి నమూనాలో పిల్లల సీటు వెనక, తల్లి సీటు ముందు, కారు ఆపే బటన్ పక్కన. పరీక్షకు మా ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట నుంచి మా పక్కింటి పైడమ్మ ఏడాదిన్నర కొడుకుతో వచ్చింది. ఇంజనీరు సుబీర్ బాబు బ్రేకు దగ్గర కూర్చున్నాడు, నడపడానికి కాదు, అవసరమైతే ఆపడానికి. నేను వెనక, పిల్లాడి పక్కన, కాగితాలతో.

నిమ్‌పురా దాటకముందే పిల్లాడు గుక్కపట్టినాడు.

"పిన్నీ, ఇలాగిచ్చీ. ఎంతసేపు ఏడిపిస్తావేటి?" అంది పైడమ్మ.

బెల్టు విప్పి అందించినాను. బెల్టు ఊడిందని ఖాళీ సీటు కూత పెడుతుంటే మళ్లీ బెల్టు తగిలించి దాని నోరు మూయించినాను. అంతలో కుక్క అడ్డొచ్చింది. కారు గట్టిగా బ్రేకు వేసుకుంది. తల్లి ఒళ్లోంచి జారి పిల్లాడి పెదవి చిట్లింది. అంతటితో పోయింది, స్వామి దయ.

సాయంత్రం రిపోర్టు రాయాలి. "మాసీమా, నడిచే కారులో బిడ్డను సీట్లోంచి తీయకూడదన్న నియమం తల్లి తప్పిందని రాసేయండి, సీటు పాసవుతుంది," అన్నాడు సుబీర్ బాబు. మాసీమా అంటే వాళ్ల బెంగాలీలో పిన్నే. పైడమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మా అత్త జన్మంతా దెప్పుతాది పిన్నీ. తప్పు నాదేనేటి?"

బెల్టు విప్పింది నేనేనని రాసినాను. ఇన్నేళ్లు సీట్లతోనే గడిపిన మనిషే నిమిషంలో నియమం తప్పిందంటే సీటు పెట్టిన చోటే సరికాదనీ, ఫెయిల్ అనీ సంతకం పెట్టినాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

సుబీర్ బాబు ఆ కాగితం రెండుసార్లు చదివి, "అయితే ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు.

"తల్లి సీటు వెనక్కి తిప్పండి బాబూ, రైల్లో ఎదురెదురు సీట్లలాగ. రోడ్డు ఆవిడ చూడక్కర్లేదు కదా."

ఆయన తిప్పించినాడు. రెండో పరీక్షకు పైడమ్మే వచ్చింది, అదే పిల్లాడితో. ఆ నమ్మకానికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. పిల్లాడు ఏడవకపోలేదు. తల్లి ఎదురుగా వాడి పాదం పట్టుకుని "సూడు, ఇంజను సూడు" అంటూ కబుర్లు చెప్పింది. బెల్టు జోలికి ఎవరం పోలేదు. పాస్ అని సంతకం పెట్టినాను.

వాడేవాళ్లు నియమం తప్పినారని రాసే ముందు, వాళ్ల మధ్య కూర్చున్న తనిఖీ మనిషి ఏం చేసిందో రాయాలి. తనిఖీ గురించి నేను నేర్చుకున్నది అది.