నాలుగో స్తంభం చెప్పింది

ఆ బస్‌స్టాండులో ఆమె గొంతు తెలియనివారు లేరు, పేరు తెలిసినవారు లేరు. డ్రైవర్లూ కండక్టర్లూ మైకక్క అనేవారు. మేనేజరు "ఏమ్మా" అనేవాడు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది, ఆ పట్టీ మేనేజరు బల్ల సొరుగులో ఉండేది. అద్దాల గది, అందులో ఒక కుర్చీ, మెడ వంచిన కొంగలాంటి మైకు, ఎదుట గడియారం. ఆమె సామ్రాజ్యం అంతే. మాట వినబడగానే ప్రయాణికులు తలెత్తి చూసేది స్పీకరును గాని ఆమెను కాదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన ఆమెకు పని నేర్పాడు. గొంతులో తొట్రుపాటు ఉండకూడదు, సంతోషం ఉండకూడదు, జాలి అసలే ఉండకూడదు అన్నాడు. ఆమె ఆ విద్యను బాగా వంటబట్టించుకుంది. బస్సు వచ్చినా అదే గొంతు, రాకపోయినా అదే గొంతు. రాని బస్సుకు ఒక మంత్రం ఉండేది: "సాంకేతిక కారణాల వల్ల రద్దు చేయడమైనది. ప్రయాణికులు గమనించగలరు." ఆ కారణాలేమిటని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. అడిగే వీలు మాత్రం ఎక్కడిది? మైకుకు నోరే గాని చెవి లేదు.

కారణాలు ఆమెకు తెలుసు. ఆమె గదికీ మేనేజరు గదికీ మధ్య ఉన్నది పలచని చెక్క గోడ. అవతల ఫోనులో ఆయన మాట్లాడే ప్రతి మాటా ఇవతలికి వచ్చేది. ఊరవతలి పెద్దాసుపత్రికి వెళ్లవలసిన బస్సులను ఆయన ఒక కర్మాగారం పనివాళ్లను మోయడానికి పంపుతున్నాడు. ఆ మాట ఈ చెవిన పడేది. మరుక్షణం ఆమె మైకు ముందుకు వంగి సాంకేతిక కారణాలను వల్లించేది. ఆసుపత్రి చీట్లు పట్టుకుని నిలబడ్డవాళ్లు అద్దంలోంచి ఆమెకు కనబడుతూనే ఉండేవారు.

ప్రయాణికులు తమలో తాము ఫోనులో ఒక చర్చా గ్రూపు పెట్టుకున్నారు. అందులో ఎవరూ కన్నవాళ్లు పెట్టిన పేరుతో రాయరు. ఒకడు "ఆఖరి సీటు", ఒకడు "చిల్లర లేదు", ఇంకొకరు "నిలబడే వస్తాను". ఆమె కూడా చేరి "నాలుగో స్తంభం" అని పెట్టుకుంది. బస్‌స్టాండులో నాలుగో స్తంభానికి బిగించిన స్పీకరు పాడై ఏళ్లు గడిచాయి. అక్కడ నిలబడ్డవారికి ఆమె చెప్పేది చేరదు. ఆ బాకీ తీర్చాలన్నదే ఆమె ఉద్దేశం. గ్రూపువాళ్లు మాత్రం వేరే అర్థం తీశారు. నాలుగో స్తంభం అంటే పత్రికలే కదా, ఎవరో పని మానేసిన విలేకరి అయ్యుంటాడని తేల్చుకున్నారు. "ఆ వాక్యం బిగువు చూడండి, పాత సంపాదకుడి చెయ్యి" అని ఆఖరి సీటు మెచ్చుకున్నాడు. ఆమె ఖండించలేదు. ఆసుపత్రి బస్సులు ఎక్కడికి పోతున్నాయో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాస్తూ వచ్చింది.

తెలుగులో దాక్కోవడానికి ఒక వెసులుబాటు ఉంది. "నేను" అని రాసినంతకాలం రాసేది ఆడో మగో క్రియ బయటపెట్టదు. ఎదుటివారు "గారు" అన్నంతకాలం "చెప్పారు" అంటారు, అందులోనూ గుట్టు దాగే ఉంటుంది. మర్యాద తగ్గినప్పుడే చెప్పాడు, చెప్పింది అని మనుషులు రెండుగా చీలిపోతారు. నాలుగో స్తంభం గారు అలా "గారు" చాటున క్షేమంగా ఉన్నారు.

ఆ గ్రూపు నడిపే బాధ్యత ఒక రిటైరైన రిజిస్ట్రారుది. ఉద్యోగమంతా పేర్లు రాసి, వాటి కింద తండ్రుల పేర్లు రాసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించిన మనిషి ఆయన. మారుపేర్లంటే ఆయనకు ఒళ్లుమంట. వాటికి "గారు" తగిలించడం ప్రాణం పోయినా చేయడు. "మనిషికి మర్యాద చేస్తాం గాని ముసుగుకు చేస్తామా?" అనేవాడు. అందరినీ కలిపి ఆకాశరామన్నలు అనేవాడు.

ఆ మంట అకారణం కాదు. ఒక కండక్టరు డ్యూటీలో తాగుతున్నాడని చిల్లర లేదు అనే సభ్యుడు రాశాడు. ఆ మాట నోరునోరునా తిరిగి డిపో చేరింది, కండక్టరును పనిలోంచి నిలిపేశారు. అతనికి ఉన్నది తల తిరిగే జబ్బని, తూలుతున్నది అందుకేనని వైద్యులు రాసిచ్చేసరికి జరగవలసిన అవమానం జరిగిపోయింది. అప్పటికి చిల్లర లేదు గ్రూపులో లేడు. బహుశా ఇంకో పేరుతో మళ్లీ వచ్చి కూర్చున్నాడేమో, అదీ ఎవరికీ తెలియదు. కండక్టరు రిజిస్ట్రారు గారి ఇంటికి వచ్చి, "నన్ను అన్నవాడెవడో చెప్పండి సార్, కొట్టను, మొహం చూస్తానంతే" అన్నాడట. చెప్పడానికి ఆయన దగ్గర పేరు లేదు.

ఆ వారమే నియమం వెలువడింది: "ఇకపై సభ్యులందరూ అసలు పేర్లతోనే రాయవలెను. ఆదివారంలోగా పేరు వెల్లడించనివారిని తొలగించడమగును."

మేనేజరు ఈ అవకాశం కోసమే కాచుకుని ఉన్నాడు. తన అసలు పేరుతో, హోదాతో సహా గ్రూపులో చేరాడు. "ఆసుపత్రి బండ్లు షెడ్డులో మరమ్మత్తులో ఉన్నాయి. నాలుగో స్తంభం అనేవాడు చాటునుంచి రాళ్లు వేస్తున్నాడు. దమ్ముంటే పేరు చెప్పమనండి" అని రాశాడు. పేరు అడిగేవాడికి ఆ పేరుతో పనేమిటని అడగడం ఎవరికీ తోచలేదు. రాసేది లోపలి మనిషేనని ఆయన అప్పటికే పసిగట్టాడు. మర్నాడు అద్దాల గదిలోకి వచ్చి ఒక కాగితం చేతికిచ్చాడు.

"ఏమ్మా, ఇది చదివెయ్యి."

ఆమె మైకు ముందుకు వంగింది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. నాలుగో స్తంభం అనే పేరుతో ఫోనులలో అసత్య ప్రచారం చేయుచున్న వ్యక్తి వివరాలు తెలిసినవారు మేనేజరు కార్యాలయంలో తెలియజేయగలరు."

గొంతు వణకలేదు. ఇంకోసారి చదవమన్నాడు, చదివింది. నాలుగో స్తంభం దగ్గర మాత్రం వినబడలేదు.

ఒక డ్రైవరు అద్దం తట్టి తల లోపలికి పెట్టాడు. "మైకక్కా, పట్టిస్తే ఏమిస్తారట?"

"ఖాళీ సీటు ఇస్తారేమో. ఉంటే."

"అయితే ఇచ్చేదేం లేదన్నమాట," అని అతను నవ్వుతూ పోయాడు.

ఆమె భర్త లారీల మీద దూరాలు తిరిగేవాడు, నెలలో సగం రోడ్లమీదే. ఇంటికి నిలకడైన ఆధారం ఆమె ఉద్యోగమే, అదీ ఏటేటా పొడిగిస్తే నిలిచేది. ఇంట్లో ఈ గుట్టు తెలిసిన మనిషి అత్తగారు ఒక్కతే. సాయంత్రాలు ఇద్దరూ ఒకే ఫోనులో గ్రూపు చదివేవారు. ముసలావిడకు చూపు ఆనదని కోడలు అక్షరాలను గుమ్మడికాయలంత చేసి పెట్టింది. అందువల్ల ఒక్కో వాక్యం రెండు మూడు వరుసలకు పాకేది.

శనివారం సాయంత్రం రిజిస్ట్రారు గారి సందేశం వచ్చింది. తెరమీద ముందుగా మొదటి ముక్కే కనబడింది: "స్వయంగా విచారించాను. నాలుగో స్తంభం చెప్పింది". మిగతాది కింది వరుసలో ఉంది. ఆమె కళ్లు కింది వరుసకు దిగలేదు.

"అత్తయ్యా, ఆయనకు తెలిసిపోయింది."

"ఎవరికి? ఏం తెలిసింది?"

"రిజిస్ట్రారు గారికి. నేను ఆడమనిషినని. చెప్పింది అని రాశారు, చూడండి."

"ఆడదానివని తెలిస్తే ఏం? లోకంలో సగం మనమేగా."

"డిపోలో సగం లేం కదా. నేనూ, టికెట్ల కిటికీ అమ్మాయీ. ఆ పిల్ల పురిటికి వెళ్లింది. ఇంకెవరు మిగిలారు? సోమవారం మేనేజరు నన్ను వేలుపెట్టి చూపించడం, మంగళవారం నేను ఇంట్లో కూర్చోవడం."

అత్తగారు ఫోను తీసి బోర్లించింది. "మరైతే ముందుగానే వెళ్లి కాళ్లబేరానికి రా. పెద్దమనిషంటున్నావుగా, నోరు జారడులే."

ఫోను మళ్లీ తెరవకుండానే ఆదివారం ఉదయం ఆమె వెళ్లేసరికి రిజిస్ట్రారు వరండాలో కాగితాలకు రంధ్రాలు వేసి దారం గుచ్చుతున్నాడు. కరెంటు బిల్లుల కట్ట వేరు, వైద్యుల చీట్ల కట్ట వేరు, గ్రూపులో తను రాసినవాటి అచ్చు ప్రతుల కట్ట వేరు. ఆమె నిలబడే మొదలుపెట్టింది.

"మీకు తెలిసిందని నాకు తెలుసండీ. దయచేసి బయటపెట్టకండి. ఉద్యోగం పోతుంది."

ఆయన దారం ఆపి తలెత్తాడు. "ఈ గొంతు ఎక్కడో విన్నానే. ఆసుపత్రి బస్సు రద్దయిందని చెప్పేది మీరేనా అమ్మా?"

"నేనేనండీ."

"కూర్చోండి. నాకేం తెలిసిందంటారు?"

"నేనే నాలుగో స్తంభాన్నని. నిన్న మీరే రాశారు కదండీ, నాలుగో స్తంభం చెప్పింది అని."

ఆయన లోపలికి వెళ్లి అద్దాలు తెచ్చుకున్నాడు. సందేశాన్ని పైకి చదివాడు. "స్వయంగా విచారించాను. నాలుగో స్తంభం చెప్పింది నిజమే. బండ్లు షెడ్డులో లేవు. అయినా నియమం నియమమే." తర్వాత ఫోను ఒళ్లో పెట్టుకున్నాడు. "అమ్మా, ఇది క్రియ కాదు. చెప్పినది అన్నమాటకు కుదింపు. చెప్పిన సంగతి నిజమని నా భావం. రాసింది ఆడో మగో నాకు ఇంతకుముందు వరకు తెలియదు."

ఆమె ఫోను అందుకుని కింది వరుస తనే చదువుకుంది.

"భయపడేటప్పుడు వ్యాకరణం ఎవరికి గుర్తుంటుందండీ," అంది.

"ఎలాగూ చెప్పారు కాబట్టి అడుగుతున్నాను. నిజం రాసేవారికి పేరు రాయడానికేం?"

"నేను రోజూ మైకులో అబద్ధం చెబుతానండీ. ఊరంతా వింటుంది. అది ఎవరి మాట, పేరేమిటని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నిజం రాసినప్పుడే పేరు కావలసి వచ్చింది."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఇదే వరండాలో, మీరు కూర్చున్న చోటే ఆ కండక్టరు కూర్చున్నాడు. అతన్ని చెరిపినవాడూ మీలాగే ముసుగులో ఉన్నాడు. మీకూ వాడికీ తేడా నాకెలా తెలియాలి?"

"వాడు ఇక్కడికి రాలేదు కదండీ."

ఆయన దారం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు గాని గుచ్చలేదు. ఆమె లేచి వచ్చేసింది. తన పేరు ఆయన అడగలేదు, ఆమే చెప్పి వచ్చింది.

జరిగినదంతా విని అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వింది. "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారని విన్నాను గాని, తడుముకోవడానికి వాళ్లింటిదాకా నడిచి వెళ్లినదాన్ని ఇప్పుడే చూస్తున్నా."

"నవ్వండి. రేపు ఇంట్లో కూర్చుంటే ఇద్దరం నవ్వుకుందాం."

ఆ సాయంత్రం గడువు ముగిసింది. రిజిస్ట్రారు క్లుప్తంగా రాశాడు: "నాలుగో స్తంభం అసలు పేరు నాకు తెలిసింది. మనిషి ఉన్న మాట వాస్తవం. ప్రస్తుతానికి అందుకు నేను సాక్షిని." తొలగిస్తాడో ఉంచుతాడో అందులో లేదు. ఆమెకు ఆ రాత్రి కంటిమీద కునుకు రాలేదు.

సోమవారం రిజిస్ట్రారు ఆసుపత్రి బస్సుల గురించి అర్జీ పట్టుకుని స్వయంగా మేనేజరు గదికి వచ్చాడు. చెక్క గోడకు ఇవతల ఆమె మైకు ముందు కూర్చుని ఉంది. అవతల కుర్చీ లాగిన చప్పుడు వినబడింది.

"అర్జీ సంగతి చూద్దాం సార్," అంటున్నాడు మేనేజరు. "ముందు ఆ పేరు చెప్పండి."

"సాక్షి సంతకం చేస్తాడు, దస్తావేజు చదివి వినిపించడు."

"సరే, పేరు వద్దు. మీ మాట మీదే ఉండనివ్వండి. ఒక్క ముక్క చెప్పండి చాలు. మా బండ్ల సంగతి మీకు చెప్పాడా, చెప్పిందా?"

ఇవతల ఆమె గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది. తన ఉద్యోగం ఒక క్రియ తోకకు వేలాడుతోంది. ముసుగులకు మర్యాద చేయనని శపథం పట్టిన మనిషి ఆయన. ఆయన నోట మారుపేరుకు రెండే రూపాలు రాగలవు. అబద్ధమాడి "చెప్పాడు" అనే అలవాటు కూడా ఆయనకు లేదు.

"చెప్పారు," అన్నాడు రిజిస్ట్రారు.

"అది కాదు సార్. చెప్పాడా..."

"చెప్పారు. ఈ నకలు మీద అందినట్టు ముద్ర వేసి ఇవ్వండి."

కొంతసేపటికి ముద్ర పడిన చప్పుడు వచ్చింది. ప్రకటనకు వేళయింది. ఆమె మైకు ముందుకు వంగి, ఎప్పటి గొంతుతోనే, ఆసుపత్రికి వెళ్లే సాయంత్రం బస్సు రద్దు చేయడమైనదని చదివింది. సాంకేతిక కారణాలు అనలేదు. చెక్క గోడ అవతల ఎవరికీ ఆ లోటు వినబడినట్టు లేదు. అద్దం అవతల మాత్రం ఒకరిద్దరు తలలు తిప్పి, స్పీకరును కాకుండా గదిలోకి చూశారు.

ఆ సాయంత్రం గ్రూపులో వచ్చిన ప్రకటనను అత్తగారు వరుస వరుసా కూడబలుక్కుంటూ పైకి చదివింది: "అసలు పేర్ల నియమం సాంకేతిక కారణాల వల్ల రద్దు చేయడమైనది. ఒక వ్యక్తి మీద ఆరోపణ చేయదలచినవారు మాత్రం ముందుగా తమ పేరు నాకొక్కడికి తెలియజేయవలెను. సభ్యులు గమనించగలరు."

"ఇదేమిటే, నీ పాట ఆయన పాడుతున్నాడు," అంది.

కింద ఆఖరి సీటు అడిగాడు: "ఏమిటండీ ఆ సాంకేతిక కారణాలు?"

రిజిస్ట్రారు ఒక్క మాటలో జవాబిచ్చాడు. "వ్యాకరణం."