నా ప్రసంగమును ఆసాంతము విన్న పెద్దాయన

పలుకులకు తల్లియైన వాణికి, దూరములను దాటించు కర్మన్‌ఘాట్ ఆంజనేయునికి మ్రొక్కి, బంద్ నాడు శాలువా పోగొట్టుకొనిన ఒక తెలుగు పండితుని వృత్తాంతము విన్నవించుచున్నాను. ఆ పండితుడను నేనే.

మొన్న తెలంగాణ బంద్. ఆ సాయంకాలము ఎల్.బి. నగర్‌లో ఒక కాలనీ సాహిత్య సభ. అమెరికా కథానికలలోని ప్రకృతిని, అతీంద్రియ శక్తులను గూర్చి మా కాలేజీ ఇంగ్లీషు లెక్చరరు ప్రసంగింపవలసి యుండెను. ఆయన బాటసింగారములో చిక్కుకొని ఫోను చేసిరి.

"మాస్టారూ, బస్సుల్లేవండీ. ఆ అడవులూ దెయ్యాలూ కాస్త మీరే చెప్పెయ్యండి!"

అడవులును దెయ్యములును మన కావ్యములలో లేనివా? ఒప్పుకొంటిని.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు వెడలుచుండగా మా ఆవిడ నా భుజముపై జరీ శాలువా సవరించి హెచ్చరించెను.

"ఇగో, ఎవ్వలకన్న కప్పొస్తిరా, చూడుండ్రి! రేపు మా అన్న రిటైర్‌మెంట్ ఫంక్షన్ల గిదే కప్పాలె."

నా ప్రసంగమును ఓపికతో విన్నవారికి ఒంటిమీది శాలువా కప్పుట నా బలహీనత. ఇదివరకే కొన్ని అట్లు వెడలిపోయినవి.

నడిచి నడిచి ఎల్.బి. నగర్ చేరువ పార్కులో కూలబడితిని. మునిమాపు. కరెంటు లేదు. వేపచెట్టు క్రింది బెంచీపై తెల్లని ధోవతి, లాల్చీ ధరించి, తలపై తువ్వాలుతో, గడ్డము రొమ్మునకానించి ఒక పెద్దాయన కూర్చుండెను. నమస్కరించితిని. గంభీరమైన మౌనము! పండితులై యుందురని తోచెను.

"సభకు ముందు తమకొకసారి వినిపింతునా?"

వారు వలదనలేదు.

కన్నులు మూసికొని ప్రసంగించుట నా అలవాటు. "అయ్యా, ఆ దేశపు పాత కథలలో ఒంటరివాడు సంధ్యవేళ అడవి చొచ్చును. వాని లోపలి భయమే చెట్లనీడయై కదలును. ఎదురైనది ప్రేతమో, తన భ్రమయో, కథ ముగిసినను తేలదు..."

ఆవులింత లేదు. దగ్గు లేదు. సెల్‌ఫోను మ్రోగలేదు. ఇట్టి శ్రోత నాకు జన్మలో దొరకలేదు! కన్నులు చెమర్చినవి. వారి వెనుకకు పోయి, సంప్రదాయానుసారముగా శాలువా కప్పితిని. భుజములు మెత్తగా తోచినవి. వృద్ధాప్యమనుకొంటిని.

అంతలో కండువాల యువకులు వచ్చిరి.

"ఓ సారూ, జర జరుగుండ్రి. మా దిష్టిబొమ్మతోని ఏం ముచ్చట?"

"అరే, గీ శాలువా ఎవలు కప్పిండ్రురా? మస్తున్నది!"

"సారే కప్పిండ్రు. ఉద్యమానికి సారు చందా! జై తెలంగాణ!"

నేనును జై తెలంగాణ అంటిని. తెలంగాణ నాకును కావలెను. శాలువాయును కావలెను.

"నాయనలారా, ఆ శాలువా..."

"ఫికర్ చేయకుండ్రి సార్. ఫస్ట్ దానికే అంటుపెడ్తం!"

చౌరస్తాలో భగ్గుమన్నది. సభయు బంద్‌లోనే కలిసిపోయినదని అక్కడనే తెలిసినది. అమెరికా కథలలో మనుష్యులు నీడను చూచి దెయ్యమనుకొందురు. నేను గడ్డిని చూచి పండితుడనుకొంటిని.

ఇల్లు చేరుసరికి మా ఆవిడ టీవీ ముందున్నది.

"గా బొమ్మ మీదిది మన శాలువానే గదా?"

"అవును."

"మీ ఉపన్యాసం మొత్తం విన్నదా అది?"

"ఆసాంతము."

"గట్లయితే, కాలవెట్టుమని అదే అడిగుంటది."

బంద్ వలన ఆ రాత్రి దుకాణములన్నియు మూసియున్నందున, మరునాడు ఉదయమే బడంగ్‌పేట్‌లో మా బావగారికి ఇంటిలోని కొత్త తువ్వాలు కప్పితిమి. ఫొటోలో మా ఆవిడ నన్ను నిలువనీయలేదు.

ఈ వృత్తాంతము విన్నవారికెల్లను కదలని శాలువాలును, కదిలెడి శ్రోతలును లభించుగాక!