నాలుగోసారి ఎత్తిన ఫోను

నేను హుకుంపేట మండలంలోని ఒక కొండ ఊరిలో ఆరోగ్య కార్యకర్తను. కిందటి వానాకాలం ఒక పొద్దున మా ఊరి కాసులమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె అత్తగారితో సిగ్నల్ అందే గుట్టెక్కి అంబులెన్సుకు ఫోన్ చేశాను. కాసేపటికి ఏదో తెలియని మొబైల్ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. ప్రకటనల ఫోన్లకు ప్రభుత్వం వేరే నంబర్లు కేటాయించినా, లోన్లు ఇస్తామనేవాళ్లు ఇలాంటి మామూలు నంబర్ల నుంచే రోజూ విసిగించేవారు. వాళ్లే అనుకుని మూడుసార్లు కట్ చేశాను.

"ఏటమ్మా, అలా కట్ సేసేత్తన్నావు? ఓపాలి ఎత్తి సూడు!" అంది అత్తగారు.

ఎత్తాను. "మేడం, అంబులెన్సు డ్రైవర్ని. గెడ్డలో నీరు పొంగిపోనాది. ఏ దారిన రావాలో తెలీక ఇక్కడే ఆగిపోనాను!"

నాకు చాలా సిగ్గేసింది. పై దారి చెప్పి, కాసులమ్మను డోలీలో మోసుకుంటూ అంబులెన్సుకు ఎదురు తీసుకెళ్లాం. ఆసుపత్రికి చేరిన గంటకే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

మర్నాడే ఆ లోన్ల నంబర్లపై ఫోన్ కంపెనీకి ఫిర్యాదు చేశాను. కొన్నాళ్లకు వాటిని ఆపేశామని మెసేజ్ వచ్చింది. ఆ సంగతి చెబితే అత్తగారు మనవరాలిని నా ఒళ్లో పెట్టి, "అయితే ఇంక మా ఫోన్లు ఎత్తుతావన్నమాట!" అని పకపకా నవ్వింది. నేనూ నవ్వేశాను.