సున్నపు గీతల ఇల్లు

వేలూరు పక్కన మా సత్తువాచారిలో ఎన్నో మేడలకు ప్రాణం పోసిన వాస్తుశిల్పి, గుడియాత్తం మునెప్ప మేస్త్రీ దివంగతులయ్యారు. గురువారం ఉదయం మా వీధి ఎస్టీడీ బూత్ ఆయన వచ్చి ఆ దుర్వార్త చెప్పగానే, దుఃఖం కంటే ముందు నాకు ఒళ్ళు జలదరించింది. మా ఇంటి పక్కనున్న నా ఖాళీస్థలంలో ఆ తెల్లవారుజామునే మళ్ళీ సున్నపు గీతలు కనబడ్డాయి. రెండేళ్ళుగా అవి ఎవరు గీస్తున్నారో మాకు అంతుపట్టలేదు.

మాది గుడియాత్తంలో లుంగీలు నేసే కుటుంబం. నేను బడిపంతులునై వేలూరు చేరాక మా ఇల్లు కట్టింది మేస్త్రీయే. ఎనిమిది నెలలు భార్య కన్నియమ్మతో ఆ గోడల మధ్యే వండుకుని, అక్కడే పడుకుని కట్టారు. గోడకు చెవి ఆనించి, వేలి కణుపులతో తట్టి, "ఈడ బోలుగా ఉండాది, కొట్టేయండి" అనేవారు. ఆ శ్రవణశక్తి అనన్యసామాన్యం. "గోడకి కులం తెలీదు సారూ, తేమ ఒకటే తెలుస్తాది" అన్నది ఆయన మాటే.

గోడకు తెలియదు గాని మాకు బాగా తెలుసు. ఆయనది మా పెద్దలు అంటరానిదని ముద్రవేసిన కులం. గృహప్రవేశానికి ముందురోజు ఆ దంపతులు మూట సర్దుకోగానే, వాళ్ళు వండుకున్న చోటల్లా మా అమ్మ పసుపునీళ్ళు చల్లించింది. నేను నోరు మెదపలేదు. పంతుల్ని గదా, నీతులు బడిలోనే చెబుతాను! బతికుండగా ఆయన్ను 'నువ్వు' అనే పిలిచాను. ఇప్పుడు సిగ్గొచ్చి 'ఆయన' అని రాస్తున్నాను.

దేశం తలుపులు తెరిచిందని పత్రికలు ఘోషిస్తున్న రోజులవి. పేర్ణాంబట్టు తోలుబూట్లు ఓడలెక్కాయి, ఆ లాభాలు సత్తువాచారిలో మేడలై లేచాయి. మేస్త్రీకీ చేతినిండా పని. ఒకనాడు వాకిట్లో నిలబడే అడిగారు.

"సారూ, పక్కస్థలం అమ్ముతారంట గదా, నాకియ్యండి. దుడ్డు చేర్చిపెట్టినా. బాడిగకి ఇల్లడిగితే ఏ కులమోళ్ళని అడిగి పొమ్మంటారు. పట్టా లేందే బ్యాంకులో అప్పియ్యరు. స్థలం లేందే పట్టా రాదు. నాకైతే స్థలమే అమ్మరు. ఇంగ యాడికి పోయేది?"

"అమ్మేశాను మునెప్పా" అన్నాను. పచ్చి అబద్ధం! వీధివాళ్ళు ఏమంటారోనన్న పిరికితనం. ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, "సరే సారూ" అని వెళ్ళిపోయారు.

ఆ తర్వాతే గీతలు మొదలయ్యాయి. అమావాస్య వెళ్ళిన మర్నాడల్లా ఆ స్థలంలో సున్నం చారలు, ఈశాన్య మూల నిమ్మకాయ, కుంకుమ. కుక్కలు తొక్కి, మంచుకు తడిసి, సగం చెరిగి ఉండేవి. "చేతబడి అప్పా! మన వంశం మీద ఎవురో పగబట్టినారు" అని అమ్మ వణికిపోయేది. మంత్రగాణ్ణి పిలిపించి, పేడనీళ్ళతో కడిగించేవాళ్ళం. గురువారం నాటి గీతలు మాత్రం ఎక్కడా చెరగలేదు. రెండు గదులు, వంటిల్లు, వాకిలికి వదిలిన జాగా తేటగా కనబడ్డాయి.

ఆ సాయంత్రమే గుడియాత్తం వెళ్ళాను. ఇంకా పాడె ఎత్తలేదు. కన్నియమ్మ నన్ను చూసి ఏడుస్తూ చెప్పింది.

"అమాసకి అమాసకి మీ స్థలంలో ముగ్గు పోసి వస్తా ఉండె నాయనా. పునాది తవ్వే ముందర పోస్తామే, ఆ ముగ్గు. ఈడ వంటిల్లు, ఈడ వాకిలి అని నాకు చెప్పి నవ్వతా ఉండె. ఈ నెలంతా మంచంలోంచి లేవనే లేదు. ఈ తూరి పొయ్యలేకపోతినే అని అదే దిగులు."

నెలంతా లేవలేదా! మరి ఆ ఉదయం గీసిందెవరు? ఆమెను అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అంతటి స్థపతి, అంతటి సహనశీలి ఈ సీమలో మళ్ళీ పుట్టడు. ఆయన పాదాల దగ్గర నేలకు నుదురు ఆనించాను. "స్థలం అమ్మలేదమ్మా, అబద్ధమాడాను. నీ పేర రాసిస్తాను, తీసుకో" అన్నాను.

కన్నియమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆయనకి అప్పుడే తెలుసు నాయనా. ఇప్పుడిస్తావు సరే, కట్టేవాడు యాడుండాడు?"