రంగనుకున్న నెత్తురు

ముందే ఒప్పుకుంటున్నాను, నేను చీమ గురించి మొదలుపెడితే రెండో వాక్యానికల్లా దానికి తొండం మొలుస్తుంది. సినిమాలకు హాస్యం రాసి బతికినవాణ్ణి, మన్నించాలి.

మొన్న జూబ్లీ హిల్స్‌లో ఒక పెద్దాసుపత్రికి బీపీ చూపించుకుందామని వెళ్తే, ఒక గది తలుపు మీద, వైద్యంలో పొరపాటు జరిగి కుమిలిపోతున్న డాక్టర్లు లోపలికొచ్చి మనసు విప్పి మాట్లాడుకోవచ్చని రాసి ఉంది. అది చదవగానే నా బీపీ ఏడో అంతస్తు దాటింది. పాతికేళ్ల కిందటి యూసుఫ్‌గూడ పగటిపూట ఒకటి కళ్లముందుకొచ్చింది.

మా బావకు, అంటే అక్క భర్తకు, అక్కడ చిన్న దవాఖాన ఉండేది. షూటింగుల్లో పడి లేచేవాళ్లందరికీ ఆయనే దిక్కు. ఒకనాడు ఎండకు కళ్లు తిరుగుతున్నాయంటూ ఒక ఫైటర్ మేకప్‌తోనే వచ్చాడు, ఒంటి మీద గంగాళంతో కుమ్మరించినంత ఎర్రరంగు. అలాంటి నెత్తురు రోజూ చూసే బావ, తల మీదిది కూడా రంగేననుకుని, తుడిచి చూడకుండానే సెలైన్ ఎక్కించి పంపేశాడు. తెల్లారి ఆ మనిషి స్పృహ తప్పాడు. రంగు కింద నిజంగానే తల పగిలిందట. ఆపరేషన్ జరుగుతోందని కబురు రాగానే బావ గదిలోకెళ్లి గడియ పెట్టుకున్నాడు.

అక్క ఫోను చేస్తే, మూడు ఆటోలను దాటి మరీ పరుగెత్తాను. మత్తుమందుల అలమారా ఆ గదిలోనే ఉందని అక్క చెప్పాక, నేను తలుపు బాదిన చప్పుడు మధురానగర్ దాకా వినిపించి ఉంటుంది.

"బావా, జర తలుపు తియ్యవా?"

"నువ్వు పోరా. నన్ను నవ్వియ్యకు."

తర్వాత ఎంతసేపు పిలిచినా పలకలేదు. అంత భయం నేను మళ్లీ ఎరగను. అంతలో, అక్క పిలిపించిన పెద్ద డాక్టరమ్మ, బావకు వైద్యం నేర్పినావిడ, వచ్చి తలుపు ముందు గచ్చు మీదే చతికిలబడింది.

"తియ్యకు బిడ్డా, గట్లనే విను. నా తప్పుతోటి నా చేతుల ఒక బాలింత పోయింది. ఎవ్వరికీ చెప్పుకోలె, ఏండ్లకేండ్లు నిద్ర పోలె. నువ్వు గట్ల ఒక్కనివే మొయ్యకు. లే, ఆ ఫైటర్ భార్యకు మనమే పోయి నిజం చెప్దాం. నేనొస్త నీతోటి."

చాలాసేపటికి గడియ కదిలింది. నేను బావ చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాను. ముగ్గురం వెళ్లాం. ఫైటర్ భార్య తిట్టింది, ఏడ్చింది. బావ తల దించుకుని అన్నీ విన్నాడు. ఫైటర్ బతికాడు కానీ, ఒక చెవికి వినికిడి పోయింది. ఆ తర్వాత బావ ఎంత రంగు పూసుకొచ్చినవాణ్ణయినా తడిదూదితో తుడిచాకే నాడి పట్టేవాడు.

ఇప్పుడు గదులున్నాయి, బోర్డులున్నాయి, మంచిదే. గచ్చు మీద కూర్చునే ఆ డాక్టరమ్మ మాత్రం లేదు.

ఇక ఇందులో నేను కల్పించింది, బావకు ధైర్యం చెప్పానన్నది. తలుపు తెరుచుకున్నప్పుడు నేను గోడకు అతుక్కుపోయి ఏడుస్తున్నాను. బావే దగ్గరికొచ్చి, "భయపడ్డవారా?" అంటూ నా చెయ్యి పట్టుకున్నాడు.